ఆళ్లగడ్డకు రావాల్సిన ఎర్ర కారు

అజయ్ కుమార్ కారు కొన్నాడని తెలిసిన రోజు మా చర్చి సంఘంలో ఎవరూ ఎంతకు కొన్నాడని అడగలేదు. ఎట్లా తోలతాడనే అడిగారు. అది కూడా అతని ముందు కాదు, అతని తల్లి శాంతమ్మ ముందూ కాదు. కుళాయి దగ్గర, చర్చి మెట్ల మీద, గొంతు తగ్గించి.

అప్పటికే అతని ఎడమ చేతిలో పట్టు సగం పోయింది. చొక్కా గుండీ పెట్టుకోలేకపోయేవాడు. కర్నూలు డాక్టరు దాచకుండా చెప్పాడు: ఇది నరాల జబ్బు, నయం చేసే మందు లేదు. ముందు చేతులు, తర్వాత కాళ్లు, ఆ తర్వాత మాట, మింగడం. కడుపు మాత్రం ఖాళీగా ఉంచొద్దని, కొంచెం కొంచెంగా తింటూనే ఉండాలని, ఆకలితో ఉంటే ఉన్న బలం కూడా నిలవదని అన్నాడు. శాంతమ్మ ఆ మాట గట్టిగా పట్టుకుంది. కొడుకు ఆళ్లగడ్డలో నంద్యాల బస్సు ఎక్కే ముందు రోజూ బొరుగులతో చేసే ఉగ్గాని కట్టి ఇచ్చేది. బస్సు కండక్టరు ఆ సంచి తానే అందుకుని, కిటికీ పక్కన సీటు చూపించి, దిగేటప్పుడు సంచిని అజయ్ భుజానికి తగిలించేవాడు. ఆయన పేరు మాలో ఎవరికీ తెలియదు. దేవుడికి తెలుసు.

పదో తరగతి కాగానే అజయ్ నంద్యాలలో నిజాముద్దీన్ మెకానిక్ షెడ్డులో చేరాడు. అప్పటినుంచీ ఇతరుల బండ్ల కిందే అతని బతుకు గడిచింది. సొంతానికి మోటారు సైకిలైనా కొనుక్కోలేదు. ఈ ఎర్ర కారు ఒక రైసుమిల్లు యజమాని కొడుకు బెంగుళూరు నుంచి తెచ్చుకున్నది. నేలకు ఆనుకున్నట్టుండే రెండు తలుపుల స్పోర్ట్స్ కారు. ఇంజను పట్టేస్తే, మోజు కూడా తీరిపోయి, షెడ్డులో వదిలేశాడు. అజయ్ దాన్ని విప్పాడు. బిగించే వేళకు చేతిలో పట్టు పోయింది. అతను పక్కన నిలబడి చెబుతుంటే నిజాముద్దీనే నట్లు బిగించాడు. ఇంజను మళ్లీ పలికిన రోజు అజయ్ దాచుకున్నదంతా పెట్టి దాన్ని కొనేశాడు.

"ఇద్దరు కూర్చునే కారేందిరా?" అంది శాంతమ్మ. "నేను యాడ కూర్చోవాల? పైన కట్టేస్తావా?"

"ఇంట్లో ఉండేది మనిద్దరమే గదమ్మా. ఇంకెవురికి సీటు?"

"రేపు పెండ్లి చేసుకుంటే?"

ఆ మాట నోరు జారి వచ్చింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొడుకే నవ్వాడు. "అప్పుడు నువ్వు బస్సులో వస్తావులే."

ఇక కారు ఇంటికి ఎట్లా తేవాలన్నదే మాట. నిజాముద్దీన్ లారీ మీద ఎక్కిద్దామన్నాడు. చేతి సంగతి ఎత్తడం ఇష్టం లేక, కారు మీద నెపం పెట్టాడు.

"బండి పొట్ట శానా కిందికుంది అజయా. ఊరూరికీ స్పీడు బ్రేకర్లు పోసినారు. ఒక్క దెబ్బ తగిలిందంటే ఆయిల్ చాంబర్ పగిలిపోతాది."

"నాకు తెల్దా ఉస్తాద్? ఏటవాలుగా ఎక్కిస్తా."

"లారీ డ్రైవరు మనోడేరా. గాజు సామాను మాదిరి తెచ్చి దించుతాడు."

"పీనుగును తెచ్చినట్ల లారీ మీద తేవాల్నా? ఒక్కసారి, నంద్యాల్నుంచి ఆళ్లగడ్డకు, నేనే తోలుకోని ఇంటికి పోతా. మల్లా ముట్టమన్నా ముట్టను."

నిజాముద్దీన్ ఆ సాయంత్రం గేరు కడ్డీ తలకు పాత సైకిల్ ట్యూబు చుట్టి, దాని మీద గుడ్డ కుట్టి, అరచేత్తో నెట్టినా గేరు పడేటట్టు లావు చేసిపెట్టాడు.

శాంతమ్మ మా పాస్టరు నతానియేలుగారి దగ్గరికి వెళ్లింది. "అయ్యగారూ, వాన్ని ఆపాల్నా, పోనీయాల్నా? నాకేం తోచడంల్యా."

ఆయన ఆమెను కూర్చోమన్నారు. "ఆపితే ఆ కోరిక వాని గుండెలో ముల్లయిపోతాది శాంతమ్మా. పోనీ. మనం మోకాళ్ల మీద ఉందాం" అన్నారు.

శుక్రవారాలు మాకు ఉపవాస కూడిక. అజయ్ శుక్రవారమే బయలుదేరాలని, కారు చర్చి ముందుకొచ్చే దాకా మేమంతా ప్రార్థనలో ఉండాలని, పాస్టరుగారు కారు మీద చేయి ఉంచి ప్రార్థించాక అందరం కలిసి భోంచేయాలని నిర్ణయమైంది. ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు ఆ సంగతి చెప్పి, "పిల్లోళ్లకు, కడుపుతో ఉన్నోళ్లకు, జబ్బుతో ఉన్నోళ్లకు ఉపవాసం లేదు" అన్నారు. వెనక వరుసలో అజయ్ ఉన్నాడు. అతని వైపు చూడకూడదని మేమంతా నేల చూపులు చూశాం. ఆ మర్యాదే అతనికి గుచ్చుకుని ఉంటుంది.

గురువారం అతను షెడ్డులోనే పడుకున్నాడు. శాంతమ్మ రాత్రికీ పొద్దుటికీ సరిపడా ఉగ్గాని, ఉడికించిన గుడ్లు, అరటిపండ్లు సంచిలో పెట్టి పంపింది. తెల్లవారాక నిజాముద్దీన్ తన భార్య అమీర్‌బీ చేసిన వేడి పూరీలు తెచ్చి మూత తీశాడు.

"వొద్దు ఉస్తాద్. ఈ పొద్దు ఉపవాసం."

నిజాముద్దీన్ వెంటనే మూత పెట్టేశాడు. రంజాన్ నెలలో అజయ్ ఏనాడూ ఆయన ఎదుట మంచినీళ్లు తాగలేదు. దాహమైతే షెడ్డు వెనక్కి పోయి తాగి వచ్చేవాడు. అలాంటివాడు దేవుని పేరు చెబితే బలవంతం చేయడానికి ఆయనకు నోరు రాలేదు. తానూ తినలేదు, డబ్బా ఎవరికో ఇచ్చేశాడు. కడుపు గురించి డాక్టరు చెప్పిన మాట ఆయనకెవరూ చెప్పలేదు. మేం చెప్పి ఉండాల్సింది.

నిజాముద్దీన్ పక్క సీటులో కూర్చున్నాడు. నంద్యాల దాటేదాకా కారు బాగానే నడిచింది. పెద్దరోడ్డు ఎక్కాక అజయ్ ముఖంలో వచ్చిన వెలుగును గురించి నిజాముద్దీన్ ఇప్పుడు కూడా చెప్పడం మొదలుపెట్టి మధ్యలో ఆపేస్తాడు. అజయ్ వేగంగా పోలేదట. అందరికీ దారిస్తూ పోయాడట.

దారిలోని శిరివెళ్ల చేరేసరికి గేర్లు మార్చాల్సి వచ్చింది. అరచేయి గుడ్డ మీంచి జారింది. రెండోసారీ జారింది. నుదుటి చెమట కళ్లలోకి దిగింది. ఒక స్పీడు బ్రేకరు ముందు క్లచ్చి తొక్కబోతే ఇంజను ఆగిపోయింది. తిరిగి స్టార్టు చేశాడు, మళ్లీ ఆగిపోయింది. వెనక బస్సు హారన్ కొట్టింది. మిరప కోతకు పోతున్న ఆడవాళ్లు ఆటో దిగివచ్చి కారును రోడ్డు పక్కకు నెట్టారు.

"ఇంత కారు కొని పెట్రోలు పోయించుకోల్యాకపోతివా అన్నా?" అందొక ఆమె. కిటికీలోంచి అతని ముఖం చూసి నాలుక కరుచుకుని, తన మజ్జిగ బాటిలు మూత తిప్పింది.

నిజాముద్దీన్ అతని వైపు వంగి అన్నాడు. "నేను తోల్తా, ఈ పక్కకు రా బేటా. మీ చర్చి సందు ముందర మల్లా మారుకుందాం."

అజయ్ తన ఎడమకాలి వైపే చూస్తున్నాడు. "చెయ్యే అనుకుంటి ఉస్తాద్. కాలు గూడా. తొక్కుతాండా, అది కదలడంల్యా."

"పొద్దున్నుంచి కడుపులో ఏం ల్యా. అందుకే."

"నిన్న రాత్రి నుంచే ఏం ల్యా."

"ఎందుకురా?"

"వాళ్లంతా నాకోసం తినకుండా కూర్చోనుంటే నేనెట్ల తింటా? జబ్బోళ్లకు ఉపవాసం లేదంట." అతను ఊపిరి తీసుకున్నాడు. "నేను జబ్బోన్నా ఉస్తాద్?"

మిరప కోతల ఆమె బాటిలు అజయ్ నోటికి పట్టి, కొంచెం కొంచెంగా మజ్జిగ తాపింది. అది తాగి తుడుచుకోలేక అజయ్, "లారీని పిలువు" అన్నాడు. ఆమె తన కొంగుతో అతని గడ్డం తుడిచి ఆటో ఎక్కింది.

పొద్దు వాలుతుండగా చర్చి సందులో హారన్ వినిపించింది. మేం పాట అందుకుని బయటికి వచ్చాం. లారీ మీద ఎర్ర కారు కనబడగానే పాట ఎవరి గొంతులో వాళ్లకు ఆగిపోయింది. అజయ్ లారీ డ్రైవరు పక్క సీటులో ఉన్నాడు. అతన్ని ఇద్దరు పట్టుకుని దించాల్సి వచ్చింది.

"కారు గూడా దించండప్పా" అన్నారెవరో.

"వొద్దు" అన్నాడు అజయ్. "దించితే మల్లా ఎవురో ఒకరు ఎక్కి తోలాల. ఎనక్కి తీసుకోని పో ఉస్తాద్."

నతానియేలుగారు ప్రార్థన చేయడానికి చెయ్యెత్తారు. "తండ్రీ" అని మాత్రం అన్నారు. మాలో కొందరు ఆమెన్ అన్నారు, కొందరు అనలేదు. లారీ డ్రైవరు ఇంజను ఆపి, టవలు తల మీంచి తీసి, అంతసేపూ నిలబడే ఉన్నాడు. ఆయనకూ నిజాముద్దీన్‌కూ అన్నం పెట్టి పంపాం. కారు వచ్చిన దారినే పోయింది.

శాంతమ్మ సంచి విప్పి చూసింది. ఉగ్గాని కట్టినది కట్టినట్టే ఉంది. వేడి అన్నం కలిపి కొడుక్కి ముద్దలు పెట్టింది. పాచిపోయిన ఆ ఉగ్గాని తాను తిన్నది.

ఆ ఒక్క పూట ఆకలి వల్ల కాలు పోలేదని, అది ఎట్లాగూ పోయేదేనని డాక్టరు తర్వాత చెప్పాడు. పాస్టరుగారు ఆ మాటే శాంతమ్మకు మళ్లీ మళ్లీ చెబుతారు. "అవును అయ్యగారూ" అంటుంది. శుక్రవారాలు మాత్రం కూడికకు రాదు. నిజాముద్దీన్ కారు మీద టార్పాలిన్ పట్ట కప్పి ఉంచాడు. అమ్మనూ లేదు, ఆ మాట ఎత్తనూ లేదు. నెలకోసారి బస్సులో వచ్చి, అజయ్‌కు గడ్డం గీసి పోతాడు.

మొన్న శుక్రవారం మేమే వాళ్లింటికి వెళ్లాం. అజయ్ గోడకు ఆనించిన మంచం మీద ఉన్నాడు. మాట ముద్దగా వస్తోంది. రెండు చేతులూ ఒడిలో ఎవరో పెట్టినట్టున్నాయి.

"ఏమని ప్రార్థన చేయమంటావు నాయనా?" అని అడిగారు నతానియేలుగారు.

అతను ఆలోచించాడు. "దోమలు అయ్యగారూ," అన్నాడు. "ముఖం మీద వాల్తాండాయి. చెయ్యి లేయడంల్యా. అమ్మ నిద్రపోతా ఉంటే లేపబుద్ధి కాదు."

మేం కళ్లు మూసుకుని దోమల గురించి ప్రార్థించాం.