రెక్క మీద అడ్రసు

రబ్బరు మెలితిప్పి ఎగరేసే నా బాల్సా చెక్క బొమ్మ విమానానికి రబ్బరు పీకేసి, పాత టేపురికార్డరు మోటారు బిగించాను. ఓడలో పనిచేసే మా బావ సింగపూర్ నుంచి తెచ్చిన రేడియో రిమోటు కలిపాను. ఎక్కడైనా పడిపోతే తెచ్చిస్తారని రెక్క మీద మా ఇంటి అడ్రసు కూడా రాశాను.

ఈ సాయంత్రం బీచిలో బావ దాన్ని ఎత్తి పట్టుకుని బ్యాటరీ తగిలించగానే మోటారు గిర్రున తిరిగింది.

"ఏటి బావా, అప్పుడే తిప్పేత్తన్నావ్?" అన్నాడు.

"నాను రిమోటు ఆన్ కూడా సెయ్యలేదు బావా!"

బెదిరిపోయి వదిలేశాడు. విమానం ఏమాత్రం వణక్కుండా, దూరంగా లంగరేసి ఉన్న దీపాల్లేని ఓడ వైపు మళ్లి, నేరుగా దాని మీదికే వెళ్లి దిగింది.

ఆ ఓడలోంచి తన రిమోటుతో దాన్ని రప్పించుకున్నవాడెవడో ఈపాటికి అడ్రసు చదివే ఉంటాడు. విమానం తెచ్చిచ్చే ఆ పెద్దమనిషి తలుపు తడితే తియ్యమంటారా, వద్దంటారా?