కొప్పులో పెన్సిల్

మా మేనత్త కొప్పులో పువ్వు చూసినవాళ్లు లేరు, పెన్సిల్ చూడనివాళ్లు లేరు. చెక్కి చెక్కి అది వేలెడంత అయ్యేదాకా వదలదు. వేలెడంత అయ్యాక జుట్టులో నిలవదు కాబట్టి అప్పుడు కొత్తది తీస్తుంది. డ్రైవర్లు ఆమెను పెన్సిలమ్మ అంటారు, అదీ మొహం మీదే. ఆమె దాన్ని బిరుదులాగే పుచ్చుకుంటుంది.

ఆమె పని బండ్లకు నిప్పు పుట్టించడం. తాళం తిప్పినా కదలని కార్లు, కదిలి కూడా నడిరోడ్డున దగ్గి ఆగిపోయే వ్యాన్లు ఆమె దగ్గరికి వస్తాయి. బ్రేకులు, టైర్లు, గేర్లు ఆమెకు అక్కర్లేదు, పక్క వీధిలో చూపించుకోమంటుంది. బ్యాటరీ ఇచ్చే కాస్త కరెంటును కాయిల్ పెద్దది చేస్తుంది, డిస్ట్రిబ్యూటర్ మూత దాన్ని నాలుగు వైర్లకు వంతులవారీగా పంచుతుంది, వైర్ల చివర ప్లగ్గుల్లో నిప్పురవ్వ పుడుతుంది. ఇంతే ఆమె రాజ్యం. కొత్త బండ్లకు ఆ మూత ఉండదు గానీ మా వీధికి వచ్చేవన్నీ వయసులో నాకంటే పెద్దవి.

బండి రాగానే అత్త దాన్ని ముట్టుకోదు. ముందు ప్రశ్నలు. ఎండలో ఆగిందా, చలిలోనా? ఎత్తు ఎక్కుతుంటేనా, చదునులోనా? నిన్న ఎవరు చెయ్యి పెట్టారు? ఆ తర్వాత ప్లగ్గు విప్పి వెలుతురులో తిప్పి చూస్తుంది, వైద్యుడు నాలుక చూసినట్టు. ఎందుకు పోయిందో తెలియకుండా ఏ సామానూ మార్చకూడదన్నది ఆమె శాసనం. "నా చేతిలో పడ్డ బండి అదే రోగంతో మళ్లీ రాదు" అని ఆమె అంటే, అది గొప్ప అని ఎవరికీ తోచదు. ముప్పై ఏళ్లుగా నిజం కనుక.

ఈ విద్య మా తాతయ్యది. బస్సుల డిపోలో ఇదే పని చేసేవాడు. యాభై రాకముందే చూపు మందగించింది. అత్త అప్పటికి పరీక్ష తప్పి ఇంట్లో అందరి చేతా తిట్లు తింటోంది. ఊరికే తిట్లెందుకని ఆయన తనతో తీసుకుపోయాడు. ఆమె ప్లగ్గు రంగు చెబితే ఆయన రోగం చెప్పేవాడు. "కళ్లు నావి, బుర్ర ఆయనది" అంటుంది. రెండేళ్లు తిరిగేసరికి బుర్ర కూడా ఈమెదే అయింది. పెన్సిల్ అలవాటూ ఆయన పెట్టిందే. సిరా నూనెకు కారిపోతుంది, సుద్ద చెయ్యి తగిలితే పోతుంది, పెన్సిల్ రాత నూనెకూ నీళ్లకూ చెరగదనేవాడు. వైరు పీకేముందు దాని అంకె దాని మీద వేయాల్సిందే. షెడ్డు గోడల నిండా అంకెలే, నా పెళ్లి తేదీతో సహా.

షెడ్డు పక్కన నా జిరాక్సు కొట్టు. నా కొట్టుకు అవతల ఖాళీ స్థలంలో బండ్లు కడిగే ఆయన ఉంటాడు. అందరికీ నీళ్లాయనే. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ, అందులో రెండు మా అత్తను "చెల్లెమ్మా" అని పిలవడానికి పోతాయి. కిందటేడు ఆయన సన్నగా నీళ్లు చిమ్మే పంపు ఒకటి కొని, బోర్డు మీద "కార్లు, వ్యాన్లు కడుగుతాం" అన్న దాని కింద ఇంకో వరుస రాయించాడు: "ఇంజన్ కూడా కడుగుతాం". అప్పటి నుంచి ఆయన దగ్గరికి వచ్చే బండ్లలో సగం ఆ వరుస చూసి వచ్చినవే.

గొడవ నర్సమ్మగారి కారుతో మొదలైంది. ఇంటింటికీ తిరిగి బాలింతలను చూసే మనిషి ఆమె. కారు వైర్లు ముదిరి బీటలు వారాయి, మూతా పగిలింది. అత్త అన్నీ కొత్తవి వేసింది. వేస్తుండగా నర్సమ్మగారు పక్కనే నిలబడి, ఇన్ని వైర్లలో ఏది దేని తర్వాతో ఎలా గుర్తుంటుందని ముచ్చటపడ్డారు. అత్తకు అడిగేవాళ్లుంటే ఒళ్లు తెలియదు. కొప్పులోంచి పెన్సిల్ లాగి, ఒకటి, మూడు, నాలుగు, రెండు అని వరుస చెబుతూ వివరించింది. నర్సమ్మగారు మెచ్చుకుంటూ వెళ్లారు.

పది రోజులకు ఆ కారు మళ్లీ వచ్చింది. పొద్దున్నే స్టార్టు కాలేదని, ఒక బాలింత దగ్గరికి రెండు గంటలు ఆలస్యంగా వెళ్లానని నర్సమ్మగారు వాపోయారు. అత్త బానెట్ ఎత్తింది. మూత మీద చెమ్మ. గుడ్డతో తుడవగానే ఇంజన్ పలికింది. నిన్న ఎవరు ముట్టుకున్నారని అడిగితే నీళ్లాయన కడిగాడని తెలిసింది. ఇంకేముంది, దొంగ దొరికాడు. టీలు తాగుతున్న అయిదారుగురు డ్రైవర్ల ఎదుటే అత్త తీర్పు చెప్పేసింది.

"బండికి రోగం లేదమ్మా. ఇంజన్ మీద నీళ్లు కొట్టినవాడి చేతికుంది రోగం."

మాట ఆయన చెవిన పడింది. తడి చేతులు లుంగీకి తుడుచుకుంటూ వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు.

"మూతకి ప్లాస్టిక్ సంచి కట్టాకే నీళ్లు కొడతాను చెల్లెమ్మా."

"కట్టుంటే తడెలా వచ్చింది అన్నయ్యా?" అంది అత్త, తల ఎత్తకుండానే.

ఆయన వెనక్కి తిరిగాడు. తన పంపు దగ్గరికి వెళ్లిపోయాడు.

పెన్సిలమ్మ అన్నదంటే ఇక మాటేముంది. నిప్పు లేనిదే పొగ రాదన్నారు డ్రైవర్లు. వారం తిరక్కుండా ఇంజన్లు కడిగించుకునేవాళ్లు పోయారు, బండి పైపైన కడిగించుకునేవాళ్లూ పలచబడ్డారు. కాగితాలకు వచ్చినవాళ్లతో నేనూ ఆ మాట చెప్పాను, నవ్వుతూ చెప్పాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఒకరోజు ఆయన స్టూలెక్కి బ్లేడుతో బోర్డు మీది రెండో వరుస గీకేస్తుంటే కొట్టులోంచి చూశాను. పంపు మీద గోనెపట్టా కప్పాడు. అత్త అటుగా వెళ్తే "నమస్కారం మేడమ్" అన్నాడు. పొగరు చూశావా అంది అత్త నాతో.

నెల చివర్లో ఆయన నా కొట్టుకు వచ్చి ఒక కాగితం ఇచ్చి పది కాపీలు తీయమన్నాడు. బండ్లు కడిగే స్థలం, నీళ్ల తొట్టితో సహా, ఒకటో తేదీ నుంచి అద్దెకు అని ఉంది దాని మీద. ఎక్కడికి వెళ్తారని అడిగితే, పెద్ద రోడ్డు మీద లారీలు కడిగేచోట కూలికి మనిషి కావాలట అన్నాడు. పదహారేళ్లుగా ఆయన నిలబడ్డ చోటది. ఒకటో తేదీకి ఇంకా నాలుగు రోజులున్నాయి. సాయంత్రం అత్తకు చెప్పాను. విన్నది, ప్లగ్గు గీకుతూనే ఉంది.

మర్నాడు మంచు పడింది. నర్సమ్మగారి కారును దారినపోయే ఇద్దరు తోసుకుంటూ వచ్చారు. అత్త కళ్లెర్రజేసి మళ్లీ కడిగించారా అని అడిగింది.

"ఆ రోజు మీరన్నప్పటి నుంచి దీని మీద చుక్క నీళ్లు పడలేదండీ" అన్నారు నర్సమ్మగారు. బానెట్ మీద వేలు పెట్టి గీస్తే, దుమ్ములో చార పడింది.

అత్త ఆ చార వంకే చూసింది. ఒక వ్యాను డ్రైవర్‌ను పిలిచి నర్సమ్మగారిని పని దగ్గర దించి రమ్మని పంపింది. తర్వాత నావైపు తిరిగి, నీ కొట్లో మొక్కలకు కొట్టే నీళ్ల సీసా ఉందిగా, పట్టుకురా అంది.

పట్టపగలే షట్టర్ దించేసింది. పొగ గొట్టానికి పొడుగాటి పైపు తగిలించి షట్టర్ కిందనుంచి బయటికి వదిలింది. గుడ్డతో మూత తుడిచి ఇంజన్ స్టార్టు చేసింది. చీకట్లో నన్ను పక్కన నిలబెట్టి, మూత మీద సన్నగా చిలకరించమంది. నేను రెండుసార్లు సీసా నొక్కాను. ఇంజన్ తడబడింది. ఆ తడబాటులో మూత మీద నీలంగా ఒక వెలుగు పాకింది, ఒక వైరు దగ్గర మొదలై పక్క వైరు దాకా. ఆగింది, మళ్లీ పాకింది. అది పిచ్చిగా పాకడం లేదు. తిన్నగా వెళ్లి, చివర రెండు పాయలుగా చీలుతోంది. బాణం గుర్తు. ఎక్కడో చూశాననిపించింది, అప్పుడు తెలిసింది. మా అత్త చేతిరాత అది.

"ఆపెయ్" అంది. ఇంజన్ కట్టేసి షట్టర్ ఎత్తింది. వెలుతురులో వంగి చూస్తే, గోధుమరంగు మూత మీద సన్నటి బూడిదరంగు గీతలు, ఒక వైరు నుంచి ఇంకో వైరుకి. ఆ రోజు నర్సమ్మగారికి వరుస చూపించడానికి గీసినవి. అత్త కొప్పులోకి చెయ్యి పోనిచ్చి పెన్సిల్ తీసి, దాని ముల్లు వంక చూస్తూ స్టూలు మీద కూర్చుంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. ఈమె తన పిల్ల కోసం ఇంకొకరి ఇల్లు కూడా పీకించింది.

"పెన్సిల్ ముల్లు బొగ్గే కదే" అంది చివరికి. "ఈ మూత లోపల కరెంటు మోసేదీ బొగ్గు ముక్కే. రోజూ చేత్తో పట్టుకుంటాను. ముప్పై ఏళ్లు వైర్ల మీద అంకెలే వేశాను. ఆమె మెచ్చుకుంటోందని ఈ మూత మీద గీతలు గీశాను. పొడిగా ఉంటే కరెంటు ఊరుకుంది, చెమ్మ తగిలితే ఆ దారి పట్టుకుని పక్కింటికి పోయింది. ఆ రోజు చెమ్మా పొద్దుటి మంచుదే."

నాకు జాలేసింది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడితే లోకం ఎలా నవ్వుతుందో నాకు తెలుసు. అందుకే ఒక నీచమైన సలహా ఇచ్చాను. ఎవరూ చూడలేదుగా అత్తా, కొత్త మూత వేసేస్తే అయిపోతుంది అన్నాను.

"బండికి అయిపోతుంది. ఆయనకి?"

కొత్త మూత బిగించింది. ఈసారి వైర్లకు రంగు దారాలు కట్టింది. టీల వేళ దాకా ఆగింది, డ్రైవర్లందరూ చేరేదాకా కావాలనే ఆగింది. అప్పుడు కారును తనే నడుపుకుంటూ నీళ్లాయన స్థలంలోకి తీసుకెళ్లి, ఇంజన్ ఆపకుండా బానెట్ ఎత్తింది. నేనూ వెనకే పరిగెత్తాను. నర్సమ్మగారూ అప్పుడే తిరిగొచ్చారు. నీళ్లాయన బకెట్ కింద పెట్టి లేచి నిలబడ్డాడు. పాత మూత అత్త చేతిలో ఉంది. దాన్ని అందరికీ కనబడేలా పైకెత్తింది.

"తప్పు ఈయన నీళ్లది కాదు, నా పెన్సిల్‌ది. ఈ గీతలు నేను గీశాను, నింద ఈయన మీద వేశాను. ఆ రోజు నా మాట విన్న ప్రతివాడూ ఇది కూడా మోసుకెళ్లండి." ఆయన వైపు తిరిగింది. "పంపు తీసి, నడుస్తున్న ఇంజన్ మీద కొట్టు అన్నయ్యా."

ఆయన కదల్లేదు. ఇంజన్ ఆగిపోతే ఆ నింద మళ్లీ తన నెత్తికే చుట్టుకుంటుందని భయపడ్డాడు, ఆ భయం మొహంలోనే ఉంది. కాసేపటికి గోనెపట్టా తీశాడు. జేబులోంచి ప్లాస్టిక్ సంచి తీసి మూతకు కట్టబోతే అత్త చెయ్యి అడ్డం పెట్టింది. "సంచి వద్దు. నా పనేంటో నాకు తెలుసు, నీ చెయ్యేంటో వీళ్లకి తెలియాలి" అంది.

ఆయన గాలి లాగే గొట్టానికి మాత్రం గుడ్డ అడ్డం పెట్టి, పొగమంచులా సన్నగా నీళ్లు చిమ్మాడు. వైర్ల మీద, మూత మీద, చుక్కలు కారేదాకా. ఇంజన్ ఒక్క దెబ్బ తప్పలేదు. ఒక డ్రైవర్ నోట్లో టీ నోట్లోనే ఉంచుకుని విన్నాడు. నర్సమ్మగారు ఎలాగూ వచ్చాను, కారంతా కడిగేయమన్నారు. ఆమె వెనక ఇంకో వ్యాను వచ్చి నిలబడింది.

అత్త మాత్రం వెళ్లలేదు. స్టూలు తెచ్చుకుని బోర్డు దగ్గర వేసుకుని ఎక్కింది. బ్లేడు గీకిన చోట, పెన్సిల్‌తో ఒత్తి ఒత్తి "ఇంజన్ కూడా కడుగుతాం" అని రాసింది. పంపు తుంపర్లు వచ్చి దాని మీద పడుతున్నాయి, ఒక్క అక్షరం చెదరలేదు. ఆయన నా కొట్లో వదిలేసి వెళ్లిన ఆ అద్దె కాగితం నేను చించి పారేసి వచ్చేసరికి, నీళ్లాయన పంపు కట్టేసి బోర్డు ముందు నిలబడి ఉన్నాడు. కూడబలుక్కుంటూ చదివాడు.

"అక్షరాలు చిన్నవైపోయాయి చెల్లెమ్మా" అన్నాడు. "రోడ్డు మీదికి కనబడవు. ఇంకొంచెం పెద్దగా రాయి."

అత్త కొంగుతో కళ్లు తుడుచుకుని, పెన్సిల్ ముల్లు చెక్కుకుని మళ్లీ మొదలుపెట్టింది.