విమానం ఎక్కించని డాక్టరమ్మ

నిన్న పంజగుట్ట కూడలిలో అంబులెన్సు మోత వినగానే రాజేశ్వరి మేడం మీద పాత కోపం లేచింది. దాని వెనకే నవ్వూ వచ్చింది. విమానాలు ఇంకా బేగంపేట నుంచే ఎగిరే రోజుల్లో, అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటరు పై అంతస్తులో మా ఆఫీసు ఉండేది. రోగులను విమానంలో తరలించే పని మాది. ఫోన్లు ఎత్తేది నేను, ఎవరిని ఎగరనివ్వాలో తేల్చేది ఆవిడ. చేరిన కొత్తలోనే అందరి ముందూ, "ఏం తమ్మీ, పేషెంట్ సంగతి అడుగుతున్నవా, టికెట్లు అమ్ముతున్నవా?" అన్నారు. అప్పుడు ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ పేర్లతో చెప్పగలను. యజమానికి ఫిర్యాదు రాశాను. ఆయన దాన్ని తీసుకెళ్ళి ఆవిడకే ఇచ్చారు. "మంచిగ రాసినవు. పేషెంట్ గురించి సుత గిట్లనే వివరంగ రాయి" అన్నారావిడ.

ఆవిడ ఎగరనిస్తే క్షణం ఆలస్యం సహించరు. వద్దంటే మాత్రం మంత్రి చెప్పినా వినరు. ఒకసారి ప్రమాదంలో ఛాతీలోకి గాలి చేరిన కుర్రాడిని వెంటనే విమానం ఎక్కించలేదని వాళ్ళ బంధువులు నన్ను తిట్టిపోశారు. "పైకి పోతే ఆ గాలి ఉబ్బుతది. ముందుగాల గొట్టం వేసి తియ్యమను, గప్పుడు లేపుదాం" అన్నారు మేడం. తిట్లు నాకు, కుర్రాడు బతికాక దణ్ణాలు ఆవిడకు.

ఒక మధ్యాహ్నం అమలాపురం నుంచి అమ్మ ఫోన్ చేసింది. నాన్నకు గుండెపోటు. నేను విమానం మాట్లాడబోతుంటే మేడం ఫోన్ మీద చెయ్యి పెట్టారు.

"విమానం యాడ దిగుతది?"

"రాజమండ్రిలో అండి."

"మీ నాయన ఆడిదాంక ఎట్ల పోతడు?"

"కారులో."

"అంత దూరం కారుల పోయేటోడు సీదా కాకినాడ గుండె డాక్టర్ల దగ్గరికే పోవచ్చు గద. మన విమానం ఆడ దిగేలోపే మూసుకుపోయిన నరం తెరిచేస్తరు."

"మా నాన్నండీ ఆయన."

"అందుకే చెప్తున్న. జర ఫోన్ ఇటియ్యి."

అమలాపురం డాక్టరుతోనూ, కాకినాడ ఆస్పత్రితోనూ ఆవిడే మాట్లాడారు. నేను మొహం తిప్పుకుని కూర్చున్నాను. చీకటి పడకముందే నాన్న గండం గడిచిందని కబురు వచ్చింది. మేడం ఆఫీసు మొత్తానికీ మిర్చి బజ్జీలు తెప్పించారు. నేను కోపంగానే తిన్నాను, అందరికన్నా ఎక్కువే తిన్నాను.

మర్నాడు నాన్న ఫోన్లో అన్న మొదటి మాట: "ఏంట్రా, విమానాల ఆఫీసులో ఉండి నన్ను అద్దె కారులో పడేస్తావా?" చాలా ఏళ్ళు ఊరంతా తిరిగి అదే చెప్పుకున్నాడు. మా వంశంలో ఎవరూ ఏదీ మరిచిపోరు.

ఇప్పటికీ నాది అదే పని. విమానం కావాలని అరిచేవాళ్ళను ముందు దిగే చోటు అడుగుతాను, తరవాత దగ్గరి ఆస్పత్రికి ఫోన్ కలుపుతాను. మర్నాడు వాళ్ళే ఫోన్ చేసి, పెద్దాయన మాట్లాడుతున్నాడండీ అంటారు. నన్ను తిడుతున్నాడా అని అడుగుతాను. తిడుతున్నాడంటే, ఇక ఆ రోజంతా నాకు పండగే.