వెనక సీట్లో మెకానిక్

నా స్ట్రీట్ బైక్‌కు కొత్త బ్రేక్ ప్యాడ్లు వేశానన్నాడు నాచారం మెకానిక్. మర్నాడే చిల్కానగర్‌లో బ్రేకు పట్టక, స్కూటర్ మీదున్న తల్లీబిడ్డలను వెంట్రుకవాసిలో తప్పించాను. వేరేచోట విప్పించి చూస్తే అరిగిన పాతవే! అక్కడే కొత్తవి వేయించుకుని, ఏమీ తెలియనట్టు అతని దగ్గరికి వెళ్లాను.

"అన్నా, బండి మంచిగ ఆగుతలేదు. జర ఎనక కూసొని సూడు."

"ఆడపిల్లవు, బ్రేకు మెల్లగ ఒత్తుతున్నవేమో," అని నవ్వుతూ ఎక్కాడు.

ఉప్పల్ దారిలో వేగం పెంచాను. ఎర్ర సిగ్నల్ కనపడగానే నా భుజం పట్టుకుని అరిచాడు.

"మెల్లగ అక్కా! ప్యాడ్లు మార్చలే, బండి ఆగది!"

గట్టిగా బ్రేకు నొక్కాను. సిగ్నల్ దగ్గరి తెల్లగీతకు ముందే బండి ఆగింది. అతను దిగి, ఫుట్‌పాత్ మీద కూలబడ్డాడు.

"కొత్తవి నేనే ఏయించిన. నడుసుకుంట పో," అని వచ్చేశాను.

నేను చేసింది తప్పేనంటారు మా వారు. నాకు మాత్రం, ఇంకో రెండు కిలోమీటర్లు తిప్పాల్సింది అనిపిస్తుంది.