డాబా మీద వల

అంతర్వేది దగ్గరి మత్స్యకారుల పేటలో సత్యకుమారిని మొండిఘటం అంటారు. అననివ్వండి. ఆ మొండితనం లేకపోతే ఆ డాబా లేచేదే కాదు.

భర్త పల్లంరాజు పడవ ఒడ్డుకు చేరేసరికి చేపలు కొనే షావుకారు ఆటో సిద్ధంగా ఉంటుంది. షావుకారు చెప్పిందే ధర. కాదంటే తెల్లారేసరికి చేప పాడవుతుంది. ఒక్కసారైనా ఆయనతో ‘రేపు రండి’ అనాలని సత్యకుమారి కోరిక.

పాక తీసి ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీని ఊపిరి తీసుకోనివ్వలేదు. సముద్రపు గాలి ఇటు వచ్చి అటు పోయేలా ఎదురెదురు కిటికీలు పెట్టించింది. పగలు ఫ్యాను వేయకపోతే ఆ కరెంటు చేపలకు మిగులుతుందని ఆవిడ లెక్క. డాబా మీద సోలార్ పలకలు, లోపల బ్యాటరీ, వసారాలో ఫ్రీజర్. పల్లంరాజు నవ్వాడు.

“ఎండకి చేపలు ఎండుతాయి గానీ చల్లబడతాయేంటే?”

నవ్వినా మెత్తని మనసతనిది. డాబా మీద ఆరబోసిన చేపల కోసం వచ్చే కాకులు పలకల మీద రెట్టలు వేస్తుంటే చూడలేకపోయాడు. భార్య సంతకెళ్లిన రోజున, చేపల మీద కప్పినట్టే పలకల మీదా పాత వల రెండు మడతలుగా కప్పేశాడు. గొప్ప సాయం చేశాననుకున్నాడు పాపం. వల నీడకి బ్యాటరీ నిండలేదు. ఆ రాత్రి పేటలో కరెంటు పోయింది. పొద్దున్నకి ఫ్రీజర్లోని పండుగప్ప చేపలు మెత్తబడిపోయాయి. షావుకారు వాటిని చవగ్గా ఎత్తుకుపోతూ తనూ నవ్వాడు.

డాబా ఎక్కి వల చూసిన సత్యకుమారి ముందు దాన్ని లాగేసింది. కాకులొచ్చేది చేపల కోసం గానీ పలకల కోసం కాదుగా. పెరట్లో వెదురు మంచె కట్టించి ఎండుచేపలన్నీ అక్కడికి దించింది, వల వాటి మీద కప్పింది, పలకలు కడిగింది. అంత నష్టపోయాక అంత నిదానం ఎవరికుంటుంది?

తర్వాత తుఫాను వచ్చిపోయింది. స్తంభాలు పడిపోయి పేటంతా చీకటి. పడవలు మళ్లీ వెళ్లి చేపలతో తిరిగొచ్చాయి. షావుకారు ఆటో దిగకుండానే ధర చెప్పాడు. పల్లంరాజు ఫ్రీజర్ తెరిచి లోపల చెయ్యి పెట్టి, ఆ చల్లదనానికి వెనక్కి లాక్కున్నాడు. సత్యకుమారి కొంగుకి చేతులు తుడుచుకుని మర్యాదగానే అంది.

“రేపు రండి షావుకారుగారూ.”

పక్కింటి సంపూర్ణమ్మ చేపలూ అదే ఫ్రీజర్లో ఉన్నాయి. ఆవిడ ఖాళీ గంప చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

“నావీ రేపేనండి.”