స్టెప్నీ బాబాయి బిగించిన నట్లు

ఆ వీధిలో అందరూ ఆయన్ను స్టెప్నీ బాబాయి అంటారు. కారు బాగు చేయించుకోవడానికి ఎవరొచ్చినా వచ్చిన పని అడగడు, "స్టెప్నీలో గాలుందా?" అని అడుగుతాడు. రైలు టైమయిందని గంతులేసే పెద్దమనిషి చేత కూడా డిక్కీ తెరిపించి, ఆ అయిదో టైరు నొక్కి చూస్తేగాని వదలడు. మొహమాటం ఆయన షెడ్డు గుమ్మం తొక్కిన పాపాన పోలేదు. చాదస్తమే, కాదనను. కానీ దారిలో ఆగిపోయిన బండ్ల దగ్గరికి పిలిస్తే వెళ్లడం ముప్పై ఏళ్లుగా ఆయన పని. నడిరోడ్డు మీద నిలబడి, వచ్చే పోయే బండికల్లా చెయ్యి ఊపే మనుషుల ముఖాలు ఆయన చూసినన్ని మరొకరు చూసి ఉండరు.

అలాంటివాడి ఒక్కగానొక్క కూతురికి కొండల్లో నర్సు ఉద్యోగం వచ్చింది. ఇల్లిల్లూ తిరిగి మంచాన పడ్డవాళ్లను చూసి రావాలి. రోజంతా కారులో ఒంటరిగా, సగం దారిలో ఫోన్ కూడా పలకదు. ఇంకేముంది, బాబాయికి కంటి మీద కునుకు కరువైంది.

పాత కారొకటి కొని, ఇంజను విప్పి కూర్చి, బ్రేకులు మార్చి, కొత్త టైర్లు వేశాడు. తర్వాత డిక్కీ మీద పడ్డాడు. పానా, జాకీ, నేల మెత్తగా ఉంటే దాని కింద పెట్టడానికి చెక్క, చక్రం దొర్లకుండా ఆపే దిమ్మలు, టార్చి, అది ఆరిపోతే ఇంకో టార్చి, బ్యాటరీ దిగిపోతే పక్క బండి నుంచి కరెంటు అందుకునే తీగలు, వెనక వచ్చేవాళ్లకు కనబడేలా రోడ్డు మీద పెట్టే ఎర్ర త్రికోణం, దుప్పటి, మంచినీళ్లు, బిస్కెట్లు.

"ఇంకో రెండ్రోజులాగితే షెడ్డు కూడా అందులోనే సర్దేస్తారు. పిల్ల బట్టల పెట్టె ఎక్కడ పెట్టుకుంటుంది?" అంది భార్య.

"వెనక సీట్లో పెట్టుకుంటుంది. ఇల్లంటుకున్నాక బావి తవ్వమంటావా?"

ప్రయాణం రేపనగా, పొద్దున్నే కూతురు షెడ్డు ముందు స్టూలు తెచ్చి వేసింది.

"నాన్నా, నువ్విక్కడ కూర్చో. నేను టైరు మార్చి చూస్తా. నోరూ చెయ్యీ కదపకూడదు."

"నీకెందుకమ్మా ఆ మసి? ఫోన్ చేస్తే నేను రానూ?"

"ఫోన్ పలకదని పది రోజులుగా గోల పెడుతున్నది నువ్వే కదా!"

బాబాయి వెళ్లి స్టూలు మీద కూర్చున్నాడు.

ఆమె హ్యాండ్‌బ్రేకు వేసి, దిమ్మలు పెట్టి, డిక్కీలోని పానా తీసి మొదటి నట్టుకు తగిలించింది. జాకీ ఎత్తకముందే నట్లు వదులు చేయాలన్నది ఆమెకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. నొక్కింది. కదల్లేదు. కాలు పెట్టి తొక్కింది. చివరికి పానా మీద ఎక్కి నిలబడింది. పానా జారి మోకాలి కింద చీరుకుపోయింది. బాబాయి లేవబోయాడు.

"కూర్చో నాన్నా!"

రెండో నట్టు, మూడో నట్టు, అదే తంతు. ఆమె నేల మీద చతికిలబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నా వల్ల కాదేమో నాన్నా. ఆ ఉద్యోగం వద్దని చెప్పేయనా?"

ఆ మాట కోసమే ఆయన పది రోజులుగా లోపల్లోపల ఎదురుచూశాడు. తీరా విన్నాక సంతోషం కలగలేదు, సిగ్గేసింది.

"నీ వల్ల కాకపోవడమేంటి తల్లీ. వాటిని అలా బిగించింది నేను."

నిజమే. బిడ్డ బండి చక్రం ఊడకూడదని పానా తోకకు బారెడు ఇనపగొట్టం తొడిగి, ఒళ్లంతా బరువేసి ఒక్కో నట్టునూ బిగించాడు. ఆ కొండదారిలో, వానలో, అన్నీ ఉన్న డిక్కీ తెరుచుకుని, ఊడిరాని చక్రం ముందు బిడ్డ కూర్చున్నట్టు ఆయన కళ్లకు కట్టింది. లోకానికంతా బుద్ధులు చెప్పి, సొంత కూతుర్ని తన చేతులతోనే నడిరోడ్డు మీద నిలబెట్టబోయాడు.

గొట్టం తెచ్చి నాలుగు చక్రాల నట్లూ వదులు చేశాడు. మళ్లీ వెళ్లి స్టూలు మీద కూర్చున్నాడు.

"ఇప్పుడు నువ్వు బిగించు. ఎదురెదురువి వరసగా. పానాతోనే, గొట్టం వద్దు. కాలితో ఒక్క నొక్కు, చాలు. వీధి చివరిదాకా నడిపి వచ్చి ఇంకోసారి నొక్కు."

పదహారు నట్లూ ఆమే బిగించింది. నడిపి వచ్చి మళ్లీ నొక్కింది. ఈసారి విప్పి చూస్తే వచ్చాయి, మళ్లీ బిగించేసింది.

"నేనొక్కసారి చూడనా?"

"వద్దు నాన్నా."

ఆయన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. తన చెయ్యి పడని నట్లతో ఆ షెడ్డులోంచి ఏ బండీ అంతకుముందు బయటికి వెళ్లలేదు.

మూడో నెలలో ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"నాన్నా, టైరు పంక్చరైంది."

మిగతాది వినలేదు. పానాల సంచీ వ్యానులో విసిరి, ఎక్కి స్టార్ట్ చేసేశాడు. "ఎక్కడున్నావు? కదలకు, వచ్చేస్తున్నా!"

"అయింది పొద్దున. మార్చేశాను కూడా. ఇప్పుడు పేషెంటు ఇంట్లో ఉన్నా. నువ్వేం రానక్కర్లేదు నాన్నా, చెబుదామని చేశా."

ముప్పై ఏళ్లలో ఆయనకు ఫోన్ చేసి, రానక్కర్లేదన్న మనిషి ఆమె ఒక్కతే. వ్యాను చప్పుడు విని భార్య బయటికి వచ్చింది.

"ఎక్కడికండీ?"

"ఎక్కడికీ లేదు." ఇంజను ఆపాడు. "దారిలో టైరు పోయిందట. పిల్లే మార్చేసుకుందట."

"మంచిదేగా! మరి ఆ కన్నీళ్లేంటి?"

"మంచిదేనే," అన్నాడు బాబాయి, స్టీరింగు వదలకుండా. "కానీ నాకు వెళ్లాలని ఉంది."