సర్వేవాళ్లు అడిగిన నీళ్ల సంగతి

టికెట్ ఎవరికివ్వాలో తేల్చుకోవడానికి పార్టీలు ఇప్పుడు జనానికి ఫోన్లు చేస్తున్నాయి. ఎన్నికలు ఇంకా కనుచూపు మేరలో లేకపోయినా సర్వేలు మాత్రం మొదలైపోతాయి. ఒమన్‌లోని సోహార్‌లో మా కంపెనీ క్యాంపులో ఉన్న తెలుగువాళ్లందరికీ ఆ ఫోన్ మీద ఒక ఆశ. ఊరి సిమ్మును పాత బటన్ ఫోన్‌లో వేసి, బ్యాంకు మెసేజీల కోసమని పైకి చెప్పుకుంటూ, దాన్ని బతికించుకుంటూ ఉంటాం. బ్యాంకువాళ్లకు మాతో అంత పనేముంటుంది! ఆ నంబరు పోతే ఊళ్లో మనం కూడా లేనట్టేనని భయం, అంతే.

నాకు ఆ ఫోన్ ఒక శుక్రవారం మధ్యాహ్నం వచ్చింది. సెలవు రోజు కాబట్టి కూరకు ఉల్లిపాయలు తరుగుతున్నాను. నా రూమ్మేటు అప్పుడే నమాజు నుంచి వచ్చి మంచం మీద నడుం వాల్చాడు. అతనిదీ మా కడప జిల్లానే, కంపెనీ పికప్ నడుపుతాడు. ఇంటివాళ్లతో దక్కనీ ఉర్దూలో మాట్లాడతాడు, నన్ను వెక్కిరించడానికి మాత్రం తెలుగు వాడతాడు.

"నమస్తే సార్, ఎన్నికల సర్వే కోసం చేస్తున్నామండి. రెండు నిమిషాలు మాట్లాడొచ్చా?" అంది ఒక అమ్మాయి.

కత్తి పక్కన పెట్టి, లుంగీ సర్దుకుని, నిటారుగా కూర్చున్నాను. ఫోన్‌లో ఆ అమ్మాయికి నా లుంగీ కనిపిస్తుందా ఏమన్నా? కానీ సార్ అంది కదా. ఇక్కడ స్టీల్ ప్లాంటులో నన్ను అడిగే ప్రశ్నలు రెండే. ఫోర్‌మన్ "ఖలాస్?" అంటాడు, పని అయిందా అని. గేటు దగ్గర సెక్యూరిటీవాడు "బతాకా?" అంటాడు, కార్డు చూపించమని. నీ మనసులో ఏముందని ఇన్నేళ్లలో ఒక్కడంటే ఒక్కడు అడిగిన పాపాన పోలేదు.

"స్పీకర్ పెట్టు బ్బా, స్పీకర్!" అంటూ రూమ్మేటు లేచి వచ్చి పక్కన కూర్చున్నాడు. వాడికి అసూయ. వాడి నంబరుకు ఇంతవరకు ఏ సర్వే రాలేదు.

మీది ఫలానా నియోజకవర్గం, ఫలానా వార్డే కదా అని అడిగింది. మాదేనన్నాను. ఇప్పుడున్న ఎమ్మెల్యే పని ఎలా ఉందంటే ఉన్నదున్నట్టు చెప్పాను. ఈసారి అభ్యర్థిగా ఎవరుంటే బాగుంటుందని ముగ్గురి పేర్లు చదివింది. ఒక్కొక్కరి గురించి నాకు తెలిసిందంతా విడమరిచి చెబుతుంటే, ఆ అమ్మాయి మధ్యమధ్యలో "ఒక్క పేరు చాలు సార్" అని బతిమాలుకుంది. నేను ఆగితే కదా! మా బజారు, మా బస్టాండు, మా మార్కెట్ యార్డు, అన్నీ నోట్లోకి వచ్చేస్తున్నాయి. మాట్లాడుతుంటే ఊళ్లో అరుగు మీద కూర్చున్నట్టే ఉంది.

"మీ వీధిలో ముఖ్యమైన సమస్య ఏంటి సార్?"

"నీళ్లమ్మా!" అన్నాను, ఆ ప్రశ్న కోసమే పుట్టినవాడిలా. "రోజు మార్చి రోజు పొద్దున్నే వదుల్తారు. అదీ కాసేపే. ఆడోళ్లు బిందెలు పట్టుకుని సచ్చిపోతాండారు."

నీళ్ల మీద నాకు ఎంత కోపముందో ఆ అమ్మాయికి తెలియదు. సాయంత్రాలు నా భార్యకు బజ్జీల బండి, నాకు ఓవర్‌టైమ్. నేను క్యాంపుకు చేరేసరికి అక్కడ ఆమె బండి కడిగి నిద్రపోతూ ఉంటుంది. ఇద్దరం మాట్లాడుకోవడానికి మిగిలింది పొద్దున, నా బస్సు రాకముందు ఉన్న ఆ కాస్త సమయమే. సరిగ్గా అప్పుడే మా వీధి కుళాయి వస్తుంది. నేను వచ్చిన కొత్తలోనే ఆమె తేల్చి చెప్పేసింది: "నీళ్ల పొద్దు మాత్రం ఫోన్ చేయాకు. నీతో మాట్లాడతా ఉంటే బిందె పొంగిపోతాది, పక్కింటామె నా మీదికొస్తాది."

అప్పటినుంచి మా కాపురానికి ఒక రోజు నీళ్లు, ఒక రోజు నేను. నీళ్ల రోజు కూడా నాకు అదే వేళకు మెలకువ వచ్చేది. క్యాంపు గేటు బయట బస్సు కోసం నిలబడితే చుట్టూ అందరూ ఇళ్లకు ఫోన్లు చేసుకుంటూ ఉండేవాళ్లు. ఒకడు పిల్లల్ని ముద్దులాడతాడు, ఇంకొకడు పెళ్లాంతో పోట్లాడతాడు. ఆ పోట్లాట విన్నా నాకు కుళ్లే. ఆమె ఏం మాట్లాడినా సరే, తిట్టినా సరే, ఆ గొంతు వినాలని ప్రాణం కొట్టుకునేది. ఫోన్ చేతిలోనే ఉండేది, చేసేవాణ్ణి కాదు.

"మీ వార్డేనా సార్?" అమ్మాయి గొంతు కొంచెం మారింది. "ఆ వార్డులో ఇంతకుముందు మేం అడిగినవాళ్లంతా నీళ్లు రోజూ, పగలంతా వస్తున్నాయంటున్నారండి. కొత్త పైపులైను వేశారు కదా."

పోయినసారి సెలవుకు వెళ్లినప్పుడు రోడ్డంతా తవ్వి పడేసి ఉంది. ఏళ్ల తరబడి తవ్వుతూనే ఉన్నారు కాబట్టి అది పూర్తవుతుందని మా వీధిలో ఎవరూ నమ్మలేదు. నేనూ నమ్మలేదు.

"మీరు ప్రస్తుతం ఊళ్లో ఉండట్లేదా సార్?"

"ఓటు ఆడే ఉందమ్మా. నేను ఒమన్‌లో ఉండా."

"అయ్యో. ఊళ్లో ఉన్నవాళ్లవే రాసుకోమన్నారండి. ఏమనుకోకండి సార్," అంది. ఏమనుకోనని చెప్పాను. ఫోన్ పెట్టేసింది.

"సర్వేలో నువ్వే ఓడిపోతివి బ్బా," అన్నాడు రూమ్మేటు. నా ముఖం చూసి, ఉల్లిపాయలు తన ముందుకు లాక్కున్నాడు. నా మాట రాసుకోలేదని నాకు బాధే. కానీ నన్ను కుదురుగా ఉండనివ్వనిది అది కాదు. నీళ్లు రోజూ వస్తుంటే, ఏ బిందె పొంగిపోతుందని నేను ఇన్ని పొద్దులు నోరు మూసుకుని నిలబడ్డాను? ఆమె నాకెందుకు చెప్పలేదు? నా ఫోన్ లేని పొద్దులే ఆమెకు హాయిగా ఉన్నాయేమో. అన్నం తినబుద్ధి కాలేదు.

మర్నాడు నా లెక్కలో నీళ్ల రోజు. బస్సు కోసం నిలబడి, చేయాలా వద్దా అని తటపటాయించి, చివరికి చేశాను.

"ఏమైంది?" ఆమె గొంతులో కంగారు. "ఈ పొద్దు చేస్తివేంది? బాగుండావా?"

"బాగుండా. నీళ్లొచ్చినాయా?"

అటువైపు బిందె కింద పెట్టిన చప్పుడు.

"ఎవురు చెప్పినారు?"

"సర్వేవాళ్లు."

ఆమె నవ్వింది. "నాకూ చేసినారు. నీళ్లు ఎట్లొస్తాండాయంటే రోజూ వస్తాండాయని చెప్తి."

నాకు రోషం వచ్చింది. "ముక్కూ మొహం తెలీనోళ్లకు చెప్తివి. నాకు చెప్పలేదే?"

"వాళ్లు అడిగినారు. నువ్వెప్పుడడిగితివి?"

నిజమే. చీటీలు, పాప చదువు, అత్తగారి మోకాళ్లు, అన్నీ అడిగేవాణ్ణి. నీళ్ల సంగతి నాకు తెలిసిందేననుకున్నాను.

"కొత్త పైపులో నీళ్లొచ్చిన పొద్దే చెప్దామనే ఉంటి," అంది ఆమె మెల్లగా. "మళ్లీ నాకే అనిపించె. చెప్తే రోజూ లేచి చేస్తావు. డ్యూటీ చేసి చేసి ఉంటావు, రోజు మార్చి రోజన్నా ఇంకాసేపు పండుకుంటావులే అని ఊరకుంటి."

బస్సు వచ్చి ఆగింది. అందరూ ఎక్కుతున్నారు. నేను గేటు దగ్గరే నిలబడిపోయాను.

"పండుకుంటాంటివి కదా?" అని అడిగింది.

"లేదు," అన్నాను. "రోజూ ఇదే టయానికి, ఈడే నిలబడుకొని ఉంటి."

వెనక కుళాయి నీళ్లు బిందెలో పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. నిండిన చప్పుడు, తర్వాత పొంగి రాళ్ల మీద పారుతున్న చప్పుడు. ఆమె కుళాయి కట్టేయలేదు.